వాటా ఉన్న బిడ్డ



నవంబరు వచ్చిందంటే కృష్ణా డెల్టా దిగువన పొలాలు కోతకొస్తాయి. అదే నెల 19వ తేదీన దివిసీమ 1977 నాటి ఉప్పెనను తలుచుకుంటుంది. దత్తత గురించి జనానికి తెలియజెప్పడానికి కేంద్ర ప్రభుత్వం ఎంచుకున్నదీ ఈ నెలే. తల్లిదండ్రులు లేని పిల్లల విషయంలో క్రైస్తవ విశ్వాసం ఏం చెబుతోంది, బందరు, గుడివాడ, దివిసీమల్లోని సంఘాలు దాన్ని ఎంతవరకు ఆచరించాయి, ఇంకా చేయవలసిందేమిటి అన్నది ఈ వేళ మాట్లాడుకుందాం.

ముందు పంట సంగతి. కోత కోసి, పనలు కట్టి, కుప్ప వేశాక చేలో రాలిన వెన్నులు ఏరుకోవడాన్ని పరిగె ఏరడం అంటాం. సెంటు భూమి లేని ఇళ్ల ఆడవాళ్లు, పిల్లలు పరిగె గింజలతో నాలుగు రోజులు అన్నం వండుకున్న కాలం పెద్దవాళ్లకు గుర్తే. కోత మిషన్లు దిగాక అది బాగా తగ్గిపోయింది. బైబిలులో, ద్వితీయోపదేశకాండంలో, ఈ పరిగె మీద ఒక చట్టమే ఉంది. చేలో ఒక పన మరిచిపోయి ఇంటికొస్తే దానికోసం మళ్లీ వెనక్కి వెళ్లకూడదు. ఒలీవ చెట్టును ఒకసారి దులిపాక రెండోసారి కొమ్మలు తడమకూడదు. ద్రాక్షతోటలో కోత అయ్యాక మిగిలిన గుత్తులు ముట్టకూడదు. అవి ముగ్గురివి: ఊరుకాని ఊరు వచ్చినవాడిది, తండ్రి లేని బిడ్డది, భర్త పోయిన ఆడమనిషిది. రూతు బోయజు పొలంలో పరిగె ఏరుకోగలిగింది ఈ చట్టం ఉండబట్టే.

ఇందులో రైతు దయాగుణం ప్రసక్తి లేదు. ఆయన మంచివాడైనా, పిసినారి అయినా, ఆ పన ఆయనది కాదు. అనాథ బిడ్డ అక్కడికి చెయ్యి చాపుకుని రానక్కర్లేదు, తన వాటా తీసుకోవడానికి వస్తుంది. ఈ వాటా అన్న మాటను పట్టుకుంటేనే దత్తతను క్రైస్తవ విశ్వాసం ఎట్లా చూస్తుందో అర్థమవుతుందని నా నమ్మకం.

కొత్త నిబంధనకు వస్తే పౌలు ఇంకో అడుగు ముందుకు వేశాడు. రోమా, గలతీ, ఎఫెసు సంఘాలకు రాసిన పత్రికల్లో దేవుడికీ మనిషికీ ఉన్న సంబంధాన్ని దత్తతగా చెప్పాడు. ఆ పత్రికలు విన్నవాళ్లు రోమన్ల ఏలుబడిలో బతికినవాళ్లు. రోమన్ చట్టంలో దత్తతకు వెళ్లినవాడికి కొత్త ఇంటి పేరు వస్తుంది, ఆస్తికి వారసుడవుతాడు. చక్రవర్తి గద్దె కూడా అట్లాగే చేతులు మారేది. అగస్టస్ క్రీ.శ. 4లో తిబెరియస్‌ను దత్తత చేసుకున్నది తన తర్వాత రాజ్యం ఏలేవాడు కావాలనే.

ఇది మన కృష్ణా తీరానికి తెలియని సంగతేమీ కాదు. అమరావతి జమీందారు రాజా వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడుగారు కొడుకులు లేక ఒకరి తర్వాత ఒకరిని ఇద్దరిని దత్తత చేసుకున్నారు. 1816లో ఆయన పోయాక జమీ ఎవరిదన్న తగాదా లండన్‌లోని ప్రివీ కౌన్సిల్ దాకా వెళ్లింది. ఒక దత్తపుత్రుడు ఉండగా రెండో దత్తత చెల్లదని 1846లో తీర్పు వచ్చింది. హిందూ న్యాయశాస్త్రం చదువుకునేవాళ్లు ఇప్పటికీ ఆ తీర్పును చదువుతారు. రోములోనైనా మన జమీందారీల్లోనైనా లెక్క ఒకటే. ఇంటికి కొడుకు లేడు, కొడుకు కావాలి. పెద్దవాళ్ల అవసరం తీర్చడానికి పిల్లవాడు వస్తాడు.

పౌలు చెప్పిన దత్తత ఈ లెక్కకు అందదు. క్రైస్తవుల నమ్మకం ప్రకారం దేవుడికి కుమారుడు ముందే ఉన్నాడు. వారసుడు లేని లోటు ఆయనకు లేదు. అయినా పరాయివాళ్లను తెచ్చి, కుమారుడితో పాటు వారసులుగా కూర్చోబెట్టాడు అంటాడు పౌలు. అంటే ఇక్కడ అవసరం తీసుకునేవాడిది కాదు, వచ్చేవాడిది. దీన్నుంచి రెండు సంగతులు తేలతాయి. పిల్లలు లేనివాళ్లే దత్తత చేసుకోవాలన్న నియమం ఏదీ ఈ విశ్వాసంలో లేదు, కడుపున పుట్టిన పిల్లలున్న ఇంటికీ ఆ పిలుపు ఉంది. రెండోది, సంఘంలో ప్రతి మనిషీ దత్తత మీద వచ్చినవాడే కాబట్టి, వీడు కన్నబిడ్డ, వాడు పెంపుడు బిడ్డ అని విడదీసి చూసే హక్కు విశ్వాసికి లేదు.

బైబిలు కథల్లోనూ ఇదే వరస. నైలు నది ఒడ్డున దొరికిన మోషేను ఫరో కుమార్తె పెంచింది. తల్లీతండ్రీ పోయిన ఎస్తేరును పినతండ్రి కొడుకు మొర్దెకై కూతురిగా చేసుకున్నాడు. అన్నిటికన్నా పెద్ద ఉదాహరణ మనం క్రిస్మసు నాటకాల్లో గడ్డం పెట్టి ఒక పక్కన నిలబెట్టే యోసేపు. మత్తయి సువార్త మొదటి అధ్యాయం తీసి చూడండి. అబ్రాహాము నుంచి, దావీదు నుంచి వచ్చిన వంశావళి యోసేపు దగ్గరికి వచ్చి ఆగుతుంది. యేసు యోసేపుకు పుట్టలేదని అదే అధ్యాయం చెబుతుంది. బిడ్డకు పేరు పెట్టినవాడు మాత్రం యోసేపు. పేరు పెట్టి తన బిడ్డ అన్నాడు కాబట్టే యేసు దావీదు కుమారుడయ్యాడు. దావీదు వంశంలో యేసుకు దక్కిన వాటా యోసేపు చేతి మీదుగా వచ్చింది. ఏళ్ల తరబడి పిల్లలు లేక తర్వాత బిడ్డను కన్న శారా, హన్నా, ఎలీసబెతుల మీద మన గుళ్లలో ప్రసంగాలు ఎన్నో వింటాం. కడుపు పండాలని ప్రార్థనలు చేయించుకునే దంపతులకు ఆ ముగ్గురి కథలే చెబుతారు. వాళ్లకు యోసేపు కథ, మొర్దెకై కథ కూడా చెప్పిన పాస్టరుగార్లు ఎంతమంది?

ఇక మన ఊళ్ల చరిత్ర చూద్దాం. బందరులో చర్చి మిషనరీ సొసైటీ పని 1841లో హెన్రీ ఫాక్స్, రాబర్ట్ నోబుల్ అనే ఇద్దరు ఇంగ్లీషు పాదరీలతో మొదలైంది. నోబుల్ 1843లో పెట్టిన బడే తర్వాత నోబుల్ కాలేజీ అయింది. ఆయన పెళ్లి చేసుకోలేదు. 1865లో బందరులోనే కన్నుమూసేదాకా ఒక్కసారి కూడా స్వదేశం వెళ్లలేదు. 1852లో ఆయన బడిలో చదివే మంచాల రత్నం, ఐనాల భూషణం బాప్తిస్మం తీసుకున్నప్పుడు ఊరు అట్టుడికిపోయింది, బడి దాదాపు ఖాళీ అయింది. మతం మారినవాడి ఆస్తి హక్కు పోకూడదని 1850లో 21వ నంబరు చట్టం వచ్చింది గానీ, కాగితం మీది హక్కు పుట్టింటి తలుపు తెరవదు గదా. నోబుల్ ఇల్లే వాళ్లకు ఇల్లయింది. తర్వాత ఆ ఇద్దరూ పాదరీలయ్యారు. వయసొచ్చిన ఆ కుర్రాళ్లను ఏ కచేరీలోనూ దత్తత రాయించలేదు. అయినా రక్తసంబంధం లేకుండా కుటుంబం ఏర్పడగలదని బందరు సంఘం చూసింది ఆ ఇంట్లోనే.

అంతకు ముందే, 1836లో, ఆంథొనీ గ్రోవ్స్ అనే ఆయన వెంట విలియం బౌడెన్, జార్జ్ బీర్ కుటుంబాలు ఇంగ్లండు నుంచి ఓడెక్కి వచ్చాయి. మొదట బందరులో ఆగి, తర్వాత నరసాపురం వైపు వెళ్లి గోదావరి డెల్టా మిషన్‌కు పునాది వేశాయి. ఈ గ్రోవ్స్ చెల్లెలు మేరీ భర్త ఎవరో కాదు, బ్రిస్టల్ అనాథాశ్రమాల జార్జ్ ముల్లర్. ముల్లర్ తన మొదటి అనాథ గృహం తెరిచిందీ ఆ 1836లోనే. ఎవరినీ చందా అడగకుండా ప్రార్థన మీదే ఆధారపడి ఆయన తన జీవితంలో పదివేల మందికి పైగా పిల్లల్ని చేరదీశాడు. మన ప్రాంతపు ప్రసంగాల్లో ఆయన పేరు ఇప్పటికీ వినిపిస్తుంది. అనాథ సేవ అనగానే మనకు పెద్ద భవనం, వరసగా మంచాలు, ప్రార్థన గంట కళ్లకు కట్టడానికి కొంత కారణం ఆయనే.

ఆ భవనాల అవసరం కూడా మన తీరానికి నిజంగానే వచ్చింది. 1864 నవంబరు 1 రాత్రి సముద్రం బందరు మీదికి వచ్చి సుమారు 30 వేల మందిని పొట్టన పెట్టుకుంది. మిషన్ వారి ఆడపిల్లల వసతి బడిలోని పిల్లలు కూడా ఆ రాత్రి నీళ్లలో పోయారు. 1977లో దివిసీమ వంతు. సుమారు 5 మీటర్ల ఎత్తున ఉప్పెన కోడూరు, నాగాయలంక ప్రాంతాలను ముంచేసింది. సొర్లగొంది, పాలకాయతిప్ప, హంసలదీవి పేర్లు ఆనాటి నుంచి దేశానికంతటికీ తెలిశాయి. ప్రభుత్వ లెక్కే పదివేలకు దగ్గరగా తేలింది. చెట్టు పట్టుకుని బతకగలిగిన బలం పెద్దవాళ్లకుంది, పసివాళ్లకు లేదు. అందుకే పిల్లలు పోయిన తల్లిదండ్రులూ, తల్లిదండ్రులు పోయిన పిల్లలూ ఒకే వీధిలో మిగిలారు. అన్ని మతాల సేవా సంస్థలూ వచ్చాయి, ఇళ్లు కట్టాయి, అన్నం పెట్టాయి. క్రైస్తవ సంస్థలు హాస్టళ్లు తెరిచాయి. ఆ అన్నం తిని చదువుకుని టీచర్లు, నర్సులు, పాస్టర్లు అయినవాళ్లు ఈ ప్రసంగం వింటూ ఉండవచ్చు. ఆ సేవను తక్కువ చేసి మాట్లాడే ఉద్దేశం నాకు లేదు.

అయితే హాస్టలు పెట్టలేనిది ఒకటుంది: వాటా. పద్దెనిమిదేళ్లు నిండిన రోజున పిల్లవాడు పెట్టె సర్దుకుని బయటికి వస్తాడు. పండక్కి వెళ్లడానికి ఇల్లు ఉండదు. పెళ్లిమాటలకు కూర్చునే పెద్దలు ఉండరు. ఆడపిల్ల పురిటికి వెళ్లే పుట్టింటి చిరునామా ఉండదు. ముల్లర్ సంస్థే చివరికి ఆ మాట గ్రహించింది. ఆష్లీ డౌన్ కొండ మీద ఆయన కట్టిన ఐదు పెద్ద భవనాలనూ 1958లో అమ్మేసి, పిల్లల్ని చిన్న చిన్న ఇళ్లలో కుటుంబాల మాదిరిగా పెంచే పద్ధతికి మారింది. మనం మాత్రం ఆ సంస్థ వదిలేసిన భవనాన్నే ఇంకా పట్టుకుని ఉన్నాం.

ఇక్కడ ఇంకో చేదు నిజం ఉంది. అనాథాశ్రమం అని బోర్డున్న చోట పిల్లలంతా అనాథలు కారు. తండ్రి పోయి తల్లి ఉన్నవాళ్లు ఎంతోమంది. ఆ తల్లి నాగాయలంక దగ్గర రొయ్యల చెరువు మీద కూలికి పోతూ ఉంటుంది, గుడివాడలో రైస్ మిల్లు పనికి వెళుతూ ఉంటుంది, లేదా గల్ఫ్‌లో ఇంటిపనికి వెళ్లి ఉంటుంది. బిడ్డకు తిండి, చదువు దొరుకుతాయని తెచ్చి వదిలింది. యాకోబు పత్రిక నిజమైన భక్తి ఏమిటో చెప్పే చోట తండ్రి లేని బిడ్డనూ విధవరాలినీ ఒకే వాక్యంలో చేర్చింది. మోషే ధర్మశాస్త్రం కూడా అంతే. ఇద్దరూ ఒక ఇంటివాళ్లే గదా! బిడ్డను హాస్టల్లోనూ తల్లిని గుడిసెలోనూ ఉంచి మనం వాళ్లను వేరు చేశాం. తల్లికి ఒక కుట్టుమిషనో, రెండు గేదెలో, నెలకింత బియ్యమో అందితే ఆ బిడ్డ ఏ ఆశ్రమానికీ వెళ్లనక్కర్లేదు. కాబట్టి విశ్వాసం అడిగే మొదటి పని తల్లీబిడ్డల్ని కలిపి ఉంచడం. రెండోది మేనమామో, పెదనాన్నో, అమ్మమ్మో పెంచేట్టు వాళ్లకు ఆసరా ఇవ్వడం. ఎవరూ లేని బిడ్డకు దత్తత. హాస్టలు చిట్టచివరిది.

విదేశీ డబ్బు మీద నడిచే సేవ ఎంత నిలకడో కూడా చూశాం. పిల్లల స్పాన్సర్‌షిప్‌కు పేరుపొందిన కంపాషన్ ఇంటర్నేషనల్ సంస్థ, విదేశీ విరాళాల నిబంధనల కారణంగా 2017 మార్చిలో మన దేశంలో పని ఆపేసింది. లక్షకు పైగా పిల్లలకు అందే సాయం ఆగిపోయింది. ఇంట్లో వాటా ఉన్న బిడ్డకు ఇట్లాంటి భయం ఉండదు.

దత్తత పేరుతోనూ పాపాలు జరిగాయి. 1999లోనూ 2001లోనూ తాండూరు, హైదరాబాదుల్లో లంబాడా తండాల ఆడశిశువులను కొని విదేశాలకు దత్తత ఇచ్చే వ్యాపారం బయటపడింది. క్రైస్తవ పేర్లు పెట్టుకున్న ఆశ్రమాలూ అందులో ఉన్నాయి. 2010లో హైతీ భూకంపం తర్వాత అమెరికా నుంచి వచ్చిన పదిమంది బాప్తిస్టు విశ్వాసులు 33 మంది పిల్లల్ని కాగితాలు లేకుండా దేశం దాటించబోయి అరెస్టయ్యారు. ఆ పిల్లల్లో చాలామందికి అమ్మానాన్నలున్నారు. ప్రభువు పని అనుకుంటే చట్టం అక్కర్లేదనుకోవడం పెద్ద పొరపాటు. బిడ్డకు తన తల్లి దక్కడం కూడా ఆ బిడ్డ వాటాలో భాగమే. ఒక ఆత్మను రక్షిద్దామనో, సంఘం సంఖ్య పెంచుదామనో బిడ్డను తెచ్చుకోవడం కూడా బిడ్డను మన అవసరానికి వాడుకోవడమే.

చట్టం మాట వచ్చింది కాబట్టి అదీ చెప్పాలి. 1956 నాటి హిందూ దత్తత చట్టం హిందువులు, బౌద్ధులు, జైనులు, సిక్కులకే వర్తించింది. క్రైస్తవులకు అప్పట్లో దత్తత చట్టం లేదు. 1890 నాటి గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టం కింద సంరక్షకులుగా ఉండే దారి ఒకటే ఉండేది. అది బిడ్డకు మేజరిటీ వచ్చేదాకానే. ఆ తర్వాత చట్టం దృష్టిలో ఆ బిడ్డ పరాయివాడే. విల్లు రాయకుండా పెంచినవాళ్లు పోతే ఆస్తి అన్నదమ్ముల పాలు. అందరికీ వర్తించే దత్తత చట్టం కోసం 1972లో, 1980లో పార్లమెంటుకు వచ్చిన బిల్లులు ఒడ్డు చేరలేదు. దత్తతను తమ విశ్వాసానికి పునాదిగా చెప్పుకునే జనానికి దత్తత చేసుకునే చట్టమే లేకపోయింది, చూడండి!

2000లో వచ్చిన బాలల న్యాయ చట్టం, దానికి 2006లో జరిగిన సవరణ ఈ తలుపు తెరిచాయి. ఏ మతం వారైనా ఈ చట్టం కింద దత్తత చేసుకోవచ్చని 2014 ఫిబ్రవరిలో షబ్నమ్ హష్మీ కేసులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. 2015లో వచ్చిన కొత్త చట్టం ప్రకారం దత్తత ఉత్తర్వు వచ్చిన నాటి నుంచి ఆ బిడ్డ అన్ని విధాలా ఆ దంపతులకు పుట్టిన బిడ్డే. విల్లు లేకపోయినా వారసత్వం ఉంటుంది. పౌలు చెప్పిన వాటాను చివరికి పార్లమెంటు కాగితం మీద పెట్టింది.

పద్ధతి ఇట్లా ఉంటుంది. కారా అనే కేంద్ర దత్తత సంస్థ వెబ్‌సైటులో పేరు నమోదు చేసుకోవాలి. అధికారులు ఇంటికి వచ్చి పరిస్థితులు చూసి నివేదిక రాస్తారు. వరస వచ్చినప్పుడు బిడ్డ వివరాలు పంపుతారు. చివరి ఉత్తర్వు ఇదివరకు కోర్టు ఇచ్చేది, 2022 సెప్టెంబరు నుంచి జిల్లా కలెక్టరు ఇస్తున్నారు. మన కృష్ణా జిల్లాకు కేంద్రం బందరే, అంటే మచిలీపట్నమే కాబట్టి బాలల పరిరక్షణ విభాగం వారిని అక్కడే కలవచ్చు. ఆసుపత్రిలోనో, ఆశ్రమంలోనో, తెలిసినవాళ్ల ద్వారానో బిడ్డను తెచ్చుకుని బాండు పేపరు మీద రాసుకుంటే అది దత్తత కాదు, శిక్ష పడే నేరం. అంతకన్నా ముఖ్యం, ఆ కాగితం బిడ్డకు ఏ వాటా ఇవ్వదు.

ఇప్పటికే ఇద్దరు లేక అంతకంటే ఎక్కువ మంది పిల్లలున్న దంపతులు, బంధువుల పిల్లల సంగతి మినహాయిస్తే, ప్రత్యేక అవసరాలున్న పిల్లల్ని, సులువుగా ఇల్లు దొరకని పిల్లల్నే దత్తత కోరవచ్చని నియమం. అంటే వైకల్యం ఉన్నవాళ్లు, వయసు పెరిగినవాళ్లు, అక్కాతమ్ముళ్లుగా కలిసి ఉన్నవాళ్లు. తెల్లగా, ఆరోగ్యంగా ఉన్న ఆరునెలల పాప కోసం వరసలో దంపతులు ఏళ్ల తరబడి ఎదురుచూస్తారు. కళ్లు కనపడని ఏడేళ్ల బాబు కోసం వరస ఉండదు. లోటు లేని ఇంటికి పరాయివాళ్లను తెచ్చుకున్న దేవుడిని నమ్మేవాళ్లకు ఈ నియమం అడ్డంకి కాదు, నేరుగా వచ్చిన పిలుపు.

అభ్యంతరాలూ తెలుసు. ఎవరి రక్తమో, ఏ కులమో అంటారు. రేపు పెళ్లి ఎట్లా చేస్తారంటారు. డెల్టా సంఘాల్లో ప్రభువు బల్ల దగ్గర అందరం ఒకటే అంటూనే సంబంధాల దగ్గర కులం చూసే అలవాటు మనకుంది. కులం తెలియని బిడ్డ ఇంట్లోకి వచ్చినప్పుడు ఆ అలవాటుకు పరీక్ష ఎదురవుతుంది. ఆ పరీక్ష సంఘానికి మేలే చేస్తుంది. ఇంకొందరు మంచిమాట అనుకుంటూనే బిడ్డను నొప్పిస్తారు. నిన్ను తెచ్చి పెంచారు, వాళ్ల రుణం తీర్చుకో అంటారు. కన్నబిడ్డను ఎవరైనా అట్లా అంటారా? వాటా ఉన్న బిడ్డ ఎవరికీ రుణపడి ఉండడు. అల్లరి చేస్తాడు, ఎదురు చెబుతాడు, అలుగుతాడు. అది అతని హక్కు. తాను దత్తత మీద వచ్చిన సంగతి మాత్రం బిడ్డకు చిన్నప్పుడే అమ్మానాన్నల నోట తెలియాలి. పెళ్లిపందిట్లో ఎవరో దూరపు బంధువు నోరు జారితే తెలియకూడదు.

సంఘ పెద్దలకు నా మనవి మూడు మాటలు. త్వరలో మీ గుళ్లలో కోత పండుగలు వస్తాయి. బస్తాలు, గుమ్మడికాయలు, కోళ్లు తెస్తారు, వేలంపాట పెడతారు. వచ్చిన డబ్బులో ఒక భాగం సంఘంలోనే ఉన్న భర్త పోయిన తల్లులకు, మనవల్ని పెంచుతున్న అమ్మమ్మలకు ఏటా ఇస్తామని తీర్మానం రాసి పుస్తకంలో ఎక్కించండి. ధర్మం అని కాకుండా వాటా అని రాయండి. రెండోది, ఒక ఆదివారం బాలల పరిరక్షణ అధికారిని గుడికి పిలిచి దత్తత పద్ధతి చెప్పించండి. మూడోది, మీ సంఘం నడిపే హాస్టలు ఉంటే, అందులో తల్లి ఉన్న పిల్లలు ఎంతమందో లెక్క తీయండి. ఆ లెక్క తేలితే చేయవలసిన పని ఏమిటో మీకే తెలుస్తుంది.

దిక్కులేని బిడ్డ ఎక్కడైనా కనిపిస్తే 1098కి ఫోను చేయండి. బిడ్డను పెంచుకోవాలన్న ఆలోచన మీ ఇంట్లో ఉంటే ముందు మచిలీపట్నం ఆఫీసుకు వెళ్లి అడగండి. చుట్టాల సలహా తర్వాత తీసుకోవచ్చు.